మూడో బెడ్డు రక్తం

చచ్చిపోయినవాడి రక్తం నిండా క్రిములు. చచ్చిపోయినవాడి ఒంట్లో చూస్తే ఒక్క క్రిమి ఆనవాలు లేదు. ఈ రెండు మాటలూ ఒకే ఆసుపత్రిలో, ఒకే మధ్యాహ్నం, ఇద్దరు పెద్ద డాక్టర్లు సంతకాలు పెట్టి మరీ చెప్పారు. విన్నవాళ్లందరికీ బుర్ర తిరిగిపోయింది. ముక్కుసూటికి తలనొప్పి మొదలైంది.

ముక్కుసూటి ప్రైవేటు డిటెక్టివ్. యాభై దాటిన మనిషి. "ఈ పిల్లకి లౌక్యం ఒంటబట్టదు, అంతా ముక్కుసూటి వ్యవహారం" అని చిన్నప్పుడు వాళ్లమ్మ తిట్టిన తిట్టు బంధువులందరి నోళ్లలో నాని, చివరికి ఆఫీసు తలుపు మీది బోర్డుకెక్కి కూర్చుంది. ఈ కేసు ఆమెకు అప్పగించింది డ్యూటీ డాక్టరమ్మ అత్తగారు. "మా కోడలు పొగరుబోతే, కాదనను. కానీ హంతకురాలంటే మాత్రం నేనొప్పుకోను. సాయంత్రంలోగా తేల్చండి" అని మధ్యాహ్నం ఫోన్లో దబాయించింది. సాయంత్రం ఐదింటికి ఆ కోడల్ని అరెస్టు చేసి తీసుకుపోతామని పోలీసులు ఆసుపత్రి సూపరింటెండెంటుకి చెప్పేశారు. ఇప్పటికే మూడు దాటింది.

డాక్టర్లు బట్టలు మార్చుకునే గదిలో, ఇనుప బీరువాల మధ్య, బల్ల మీద డాక్టరమ్మ కూర్చుని ఉంది. ముప్పై నిండని పిల్ల. అత్తగారు చెప్పిన పొగరు ఎక్కడా కనిపించలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తలుపు బయట ఆడ కానిస్టేబుల్ కాపలా ఉంది.

"మొదట్నుంచీ చెప్పు తల్లీ. పుస్తకాల భాష వద్దు. నీ అత్తగారికి చెబుతున్నట్టు చెప్పు" అంది ముక్కుసూటి.

"అత్తయ్యకి నేనెప్పుడూ ఏదీ చెప్పలేదండీ" అంది డాక్టరమ్మ.

"అయితే ఇప్పుడు మొదలుపెట్టు."

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "నిన్న సాయంత్రం, ఎనిమిదికి కాస్త ముందు, కళ్లజోళ్ల షాపు పెద్దాయన మా ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర కుప్పకూలిపోయాడు. అరవయ్యేళ్లుంటాయి. ఒళ్లంతా చెమట. ఆయాసం కొలిమి తిత్తిలా ఎగిరిపడుతోంది. ఒళ్లు వేడిగా ఉంది, మాటలు పొంతన లేకుండా ఉన్నాయి. అలాంటి మనిషిని చూడగానే మాకు ముందుగా వచ్చే అనుమానం ఒకటే, ఒంట్లో ఎక్కడో ఉన్న ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందేమోనని. అది పాకితే గంటగంటకీ ప్రాణం జారిపోతుంది. అందుకని రక్తం తీసి ల్యాబుకి పంపమన్నాను."

"పంపితే?"

"ముప్పావుగంటలో మొదటి రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు, ఇన్ఫెక్షన్‌ని చూపించే గుర్తులు, అన్నీ ఆకాశాన్నంటాయి. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. తెల్లారేసరికి పోయాడు. ఇంకో పరీక్ష ఉంటుంది. అదే రక్తాన్ని సీసాలో పోసి, క్రిములు పెరుగుతాయేమో చూస్తారు. ఈ మధ్యాహ్నానికి పెరిగాయి. అంటే నేను అనుకున్నది నిజం. కానీ పోస్టుమార్టంలో ఊపిరితిత్తులు శుభ్రం, కిడ్నీలు శుభ్రం, చీము చుక్క లేదు. పైగా రక్తంలో నొప్పి మాత్రల మందు బోలెడు దొరికింది. మనిషిని చంపింది అదే అని రాశారు."

"ఏ నొప్పి మాత్రలు?"

"ఏ షాపులో అడిగినా ఇచ్చే రకం. మోతాదు మించితే ఇలాగే ఉంటుందండీ. చెమటలు, ఆయాసం, వేడి, మతి తప్పిన మాటలు. ఇన్ఫెక్షనూ అదీ కవలపిల్లల్లా ఉంటాయి."

"కవలల్నైనా కన్నతల్లి గుర్తుపడుతుంది. విడదీసే గుర్తే లేదా?"

డాక్టరమ్మ తల వంచుకుంది. "ఉంది. చెవుల్లో గంటలు మోగుతున్నాయన్నాడు. ఆ మాట విన్నాను. ఏమైనా మాత్రలు మింగాడా అని వాళ్లవాళ్లని అడగాలనుకున్నాను కూడా. ఈలోగా రిపోర్టు వచ్చింది. కాగితం చేతికొచ్చాక ఇంక మనిషిని అడగబుద్ధి కాలేదు." ఆమె ఏడ్చేసింది. దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

ముక్కుసూటికి ఆ పిల్ల మీద జాలేసింది. ఏడుపు ఆగేదాకా ఊరుకుంటే బావుండేది, కానీ టైము లేదు. రిపోర్టు తీసుకుని, తనకు అర్థమయ్యే మాట కోసం పై నుంచి కిందికి వెతికింది. ఒక్కటి దొరికింది. షుగర్. ఆమెకూ ఉంది కాబట్టి ఆ అంకెల సంగతి బాగా తెలుసు.

"ఆయనకి షుగర్ ఉందా?"

"ఉంది. రాగానే వేలు గుచ్చి చూశాం. నాలుగొందలకి దగ్గర్లో ఉంది."

"ఇక్కడ నూట పది అని ఉందేంటి మరి?"

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని కాగితం లాక్కుంది. చూసింది. మళ్లీ చూసింది.

"ఈ మధ్యలో షుగర్ తగ్గే మందేమైనా ఇచ్చావా?"

"ఏ మందూ ఇవ్వలేదు. రక్తం తీశాకే అన్నీ మొదలుపెట్టాం."

"ల్యాబు తప్పు చేసిందేమో?"

"అనుమానమొచ్చి ల్యాబు వాళ్లు పొద్దున రెండోసారి చేశారు. అన్నీ అవే అంకెలు. నాకేం అర్థం కావడం లేదండీ."

అర్థం కానిది ఆమె ఒక్కదానికే కాదు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. ఈయన పోలీసు శాఖలో పేరున్న మనిషి. దానికి తోడు ముక్కుసూటి సొంత అక్క మొగుడు. ఇరవయ్యేళ్లుగా ఒకరి కేసులో ఒకరు వేలు పెడుతూ, ఇంట్లో ఎదురుపడితే మాత్రం వాతావరణం గురించి మాట్లాడుకునే బావా మరదళ్లు.

"ఏం మరదలా, తేలిందా?"

"మునుగుతున్నాను బావగారూ. మీకు తేలిందేమో చెప్పండి, పట్టుకుని ఒడ్డెక్కుతాను."

"నాకు ఎప్పుడో తేలిపోయింది. ఈవిడ ఏదో మందు ఎక్కువ పోసింది. ఆయన గిలగిల్లాడాడు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి క్రిములున్న రక్తం ఇంకెవరిదో తెచ్చి, ట్యూబు మీద ఆయన పేరు అంటించింది."

"క్రిములున్న రక్తం ఏమన్నా కూరగాయల బజార్లో అమ్ముతారా?"

"ఆసుపత్రిలో దొరక్క ఇంకెక్కడ దొరుకుతుంది?"

చెడ్డ చిక్కేమిటంటే, బావగారు తెలివితక్కువ మనిషి కాదు. ట్యూబులో ఉన్నది ఇంకెవరిదో రక్తం అనే అనుమానం ఇప్పుడిప్పుడే ముక్కుసూటికీ పుట్టింది. ఆ దారినే పోతే చివర డాక్టరమ్మ చేతులకు బేడీలు కనిపిస్తున్నాయి.

"పైగా నాకు సాక్షి ఉంది. పోయినాయన చెల్లెలు. రాత్రంతా పక్కనే ఉంది" అన్నాడాయన.

"నన్నోసారి మాట్లాడనివ్వండి."

"పది నిమిషాలు. అదీ నా ఎదురుగా. మీ అక్క ముఖం చూసి ఒప్పుకుంటున్నాను."

"అక్క ముఖం మీరు చూసి ఎన్నాళ్లయిందో నాకు తెలీదేంటి" అంటూ ఆమె లేచింది.

వరండాలో బెంచీ మీద చెల్లెలు కూర్చుని ఉంది. యాభై అయిదేళ్లుంటాయి. అన్నాచెల్లెళ్లిద్దరే ఒక ఇంట్లో ఉండేవాళ్లట. ఉక్కపోతకు ఇన్‌స్పెక్టర్ చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే, ఆవిడ మందపాటి శాలువా గడ్డం దాకా లాక్కుని వణుకుతోంది. పక్కన మంచినీళ్ల సీసా ఖాళీగా పడి ఉంది. ఒక చేత్తో నడుము పక్క నొక్కుకుంటోంది.

"అమ్మా, మీ అన్నయ్య నొప్పి మాత్రలు వేసుకునేవారా?"

"పన్ను" అందావిడ. "పన్ను నొప్పి. పళ్ల డాక్టరంటే భయం అన్నయ్యకి. చిన్నప్పట్నుంచీ భయమే. మాత్ర మీద మాత్ర..." మధ్యలో ఆగి వరండా చివరకు చూసింది. "అన్నయ్య ఇంకా రాలేదా?"

ఇన్‌స్పెక్టర్ నాలుక చప్పరించాడు. "దుఃఖం. పొద్దున్నుంచీ ఇంతే."

"నిన్న ఆసుపత్రికి ఎందుకొచ్చారమ్మా?"

"జ్వరం. ఒకటే చలి."

"మీ అన్నయ్యకి ఆ జ్వరం ఎప్పట్నుంచి ఉంది?"

ఆవిడ వింతగా చూసింది. "అన్నయ్యకి జ్వరమేంటి?"

"ఇప్పుడే కదమ్మా జ్వరమన్నారు!"

"అన్నయ్యకి జ్వరం లేదు."

"విన్నావుగా!" ఇన్‌స్పెక్టర్ అరచేతిలో గుద్దుకున్నాడు. "జ్వరం లేదు, ఇన్ఫెక్షన్ లేదు. అంతా డాక్టరమ్మ నాటకం. ఇంతకన్నా ఏం కావాలి?"

ముక్కుసూటి వదల్లేదు. శాలువా జారినప్పుడు ఆవిడ మోచేతి మడతలో దూదీ, దాని మీద అంటించిన పట్టీ కనిపించాయి. "చేతికి ఏమైంది?"

"రక్తం తీసుకున్నారు. అన్నయ్యకి కావాలేమో అనుకున్నా. తీసుకోండి అన్నా." ఆవిడ పెదాలు తడుపుకుంది. "నీళ్లుంటే ఇస్తారా అమ్మా?"

ముక్కుసూటి తన సంచిలోని నీళ్లు తీసి ఇచ్చింది. ఆవిడ సీసా ఎత్తి గటగటా తాగింది, సగం మెడ మీద ఒలికింది. ఒకే నోటితో జ్వరమనీ, జ్వరం లేదనీ చెప్పే మనిషిని డిటెక్టివ్ అయినవాడు ఎవడు నమ్ముతాడు? ఆవిడ మాత్రల సంగతి అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా అనుమానంగానే ఉంది. ఈవిడ ఏదో దాస్తోంది, వణుకంతా ఆ భయానిదే అని ముక్కుసూటి గట్టిగా నిర్ణయించేసుకుంది. ఆ నిర్ణయం తలచుకుని తర్వాత చాలా రోజులు ఆమె తనను తాను తిట్టుకుంది.

"పది నిమిషాలూ అయిపోయాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నా సాక్షికి నువ్వు లేనిపోనివి నూరిపోయకుండా గదిలో కూర్చోబెడతాను." ఆవిడను చెయ్యి పట్టుకుని లేపి, వరండా చివర్లోని గదిలోకి తీసుకెళ్లి, బయట తాళం వేయడం ముక్కుసూటి చూసింది. వద్దని చెప్పాలని ఆమెకు తోచలేదు.

ఎమర్జెన్సీ వార్డులో బెడ్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ అడ్డంగా పచ్చ తెర. ల్యాబు రిపోర్టులో పెద్దాయన పేరు పక్కన రాసి ఉన్న మూడో బెడ్డు ఆ పూట ఖాళీగా ఉంది. ముక్కుసూటి తెర లాగి లోపలికెళ్లింది. ఇనుప మంచం, సెలైన్ స్టాండు, గుండె చప్పుడు చూపించే మెషిను. ఆమె మంచం కింద చూసింది, పరుపు ఎత్తి చూసింది. ఏమీ లేదు. నడుం పట్టుకుని లేస్తూ తలగడ పక్క గోడ వైపు చూసింది. అక్కడ ఆక్సిజన్ వచ్చే గొట్టం మూతికి తెల్ల ప్లాస్టరు అడ్డంగా, నిలువుగా అంటించి ఉంది. దుమ్ము పట్టిన ప్లాస్టరు. నిన్నా మొన్నా అంటించింది కాదు.

రాత్రంతా ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉందని డాక్టరమ్మ చెప్పింది, ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు, శవాన్ని దించినవాళ్లూ చెప్పారు. ఈ గోడలోంచి గాలి రాదు. మరి ఆయన ఇక్కడ ఎలా ఊపిరి పీల్చాడు?

ముక్కుసూటి, పెద్దాయన రక్తం తీసిన సిస్టర్‌ని పిలిపించింది. నలభయ్యేళ్ల మనిషి, పనిలో గట్టిదని అందరూ చెప్పుకునే సిస్టర్. చేతులు కట్టుకుని నిలబడింది.

"నిన్న ఆయన రక్తం తీసింది మీరే కదా?"

"నేనేనండీ. ఎనిమిదికి డ్యూటీ ఎక్కాను. దిగిపోయే సిస్టర్ ట్రే చేతిలో పెట్టి, మూడో బెడ్డుకి బ్లడ్ తియ్యి, అర్జెంటు అంది. వచ్చి తీశాను."

"ట్యూబుల మీద పేరు?"

"ముందే అంటించి ఉన్నాయి." ముక్కుసూటి కనుబొమలు ఎగరేయడం చూసి సిస్టర్ తొందరగా అంది, "తీశాక మంచం దగ్గరే అంటించాలని రూలుందండీ. నాకు తెలుసు. కానీ సాయంత్రం పూట ఒక్కో సిస్టర్‌కి పదిమంది పేషెంట్లు. ముందే అంటించి పెట్టుకోకపోతే పని తెమలదు. అందరం అలాగే చేస్తాం."

"పేరు పెట్టి పిలిచారా ఆయన్ని?"

"ఇక్కడ పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ? బెడ్డు నంబరే పేరు. మూడో బెడ్డు మీరేనా అని అడిగాను. ఊఁ అన్నారు."

"గొంతు ఎలా ఉంది?"

"ఊఁ అనే మాటకి గొంతేముంటుందండీ?"

"ముఖం చూశారా?"

"దుప్పటి నిండా కప్పుకుని గోడ వైపు తిరిగి వణుకుతున్నారు. చెయ్యి బయటికి లాగాను. నరం దొరకలేదు, నా ధ్యాసంతా దాని మీదే. మాకు నరం దొరికితే చాలండీ."

"మాస్కు ఉందా ముఖానికి?"

సిస్టర్ జవాబు చెప్పబోయి ఆగిపోయింది. కట్టుకున్న చేతులు కిందికి జారాయి. "లేదు" అంది మెల్లగా. ఆమె గోడ మీది ప్లాస్టరును చూసింది. "ఇక్కడ ఆక్సిజన్ రాదు. నేను బ్లడ్ తీసి ల్యాబుకి పంపి తిరిగొచ్చేసరికి ఆయన ఆరో బెడ్డు మీద మాస్కుతో ఉన్నారు. ఇప్పుడే మార్చారు కాబోలు అనుకున్నాను."

"మీరు రాకముందే మార్చి ఉంటే?"

వార్డుబాయ్‌ని పిలిచి అడిగితే అదే తేలింది. ఆయన్ని మూడో బెడ్డు మీద వేసిన రెండు నిమిషాలకే, ఆక్సిజన్ లేదని ఆరుకు మార్చేశాడట. అప్పటికి పాత సిస్టరే డ్యూటీలో ఉంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ట్యూబుల ట్రే ఈమె చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోయింది.

"ఆ తర్వాత మూడో బెడ్డు ఎవరికిచ్చారు?"

"అర్ధరాత్రి దాకా ఎవరికీ ఇవ్వలేదమ్మా, గాలి లేని బెడ్డు కదా" అన్నాడు వార్డుబాయ్.

ముక్కుసూటి తల పట్టుకుంది. ఎవరికీ ఇవ్వని బెడ్డు మీద ఎవరో పడుకున్నారు. ఆ ఎవరో ఊఁ అని చెయ్యి చాపారు. ఆ రక్తంలోనే క్రిములున్నాయి. ఇన్ఫెక్షన్ రక్తానికి పాకితే గంటగంటకీ ప్రాణం జారిపోతుందని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది. నిన్న రాత్రి నుంచీ ఆ మనిషి ఒక్క మందు చుక్క లేకుండా ఎక్కడో ఉన్నాడు. బతికి ఉన్నాడో లేదో.

"పెద్దాయనకి రక్తం ఎక్కించారా?" ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"లేదండీ. రక్తం అవసరమే రాలేదు" అంది సిస్టర్.

"వాళ్ల చెల్లెలి దగ్గర రక్తం తీసుకున్నారు కదా?"

"మేమెవరం తీసుకోలేదండీ. పాపం ఆవిడ రాత్రంతా ఆరో బెడ్డు పక్కన కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. భయంతో వణుకుతోందని నేనే శాలువా తెచ్చి కప్పాను."

వరండాలో చూసినవన్నీ ముక్కుసూటి కళ్ల ముందు వరస కట్టాయి. మోచేతి మడతలో దూది. ఉక్కపోతలో శాలువా. ఆగని దాహం. పొంతన లేని మాటలు. జ్వరం అని ఒకసారి, అన్నయ్యకి జ్వరం లేదని ఒకసారి. ఆవిడ రెండుసార్లూ నిజమే చెప్పింది. అడిగిన తనకే జ్వరం ఎవరికని అడగాలని తోచలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

బయటికి పరుగెత్తేసరికి వరండాలో ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. వెనకాల ఆడ కానిస్టేబుల్ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఐదు ఇంకా కాలేదు.

"టైముంది కదా బావగారూ!"

"జీపు గుమ్మం ముందు ఉంది. పని ముందే అయిపోతే తప్పేముంది?"

"ఆ ట్యూబులో రక్తం మీ సాక్షిది. ఖాళీ మంచం కనిపిస్తే పడుకుంది. సిస్టర్ వచ్చి చెయ్యి అడిగితే అన్నయ్య కోసమనుకుని ఇచ్చింది. డాక్టరమ్మ ఏదీ మార్చలేదు. ఎవరూ కావాలని మార్చలేదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "కథ అల్లడంలో మీ అక్కని మించిపోయావు. నా సాక్షిని రోగిని చేసి నా కేసు పడగొడదామనా?"

"కేసు తర్వాత పడుతుంది. ముందు ఆవిడ పడిపోతుంది. తలుపు తియ్యండి."

"తియ్యను. వాంగ్మూలం మీద సంతకం అయ్యేదాకా ఆవిడ్ని ఎవరూ..."

"ఇన్‌స్పెక్టర్ గారూ." డాక్టరమ్మ మాట్లాడింది. అంతసేపటి నుంచీ ఏడ్చిన గొంతు కాదది. "ఆవిడ నీళ్లు అడుగుతోందా?"

"సీసాలకి సీసాలు" అంది ముక్కుసూటి.

"ఆయాసం ఉందా? చేతులు చల్లగా ఉన్నాయా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఇన్‌స్పెక్టర్ ఒక్కడే. గంట కిందట చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది ఆయనే. ఆయన నవ్వు ఆగిపోయింది. "మంచుగడ్డలా ఉంది" అన్నాడు. "ఏసీ గదిలోంచి వచ్చిందేమో అనుకున్నా."

"ఈ వరండాలో ఏసీ ఎక్కడుంది బావగారూ?"

ఆయన గది వైపు నడిచాడు. నడక పరుగైంది. తలుపు తట్టి, "అమ్మా" అని పిలిచాడు. జవాబు లేదు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, కానీ తాళంలో దూరలేదు. మొదటిసారి తలకిందులుగా పెట్టాడు. రెండోసారి అది చేతిలోంచి జారి నేల మీద పడింది. ముక్కుసూటి అందుకుని తలుపు తీసింది.

చెల్లెలు కుర్చీకీ గోడకీ మధ్య జారిపోయి ఉంది. శాలువా కాళ్లకు చుట్టుకుపోయింది. మోకాళ్ల మీది చర్మం ఊదారంగు మచ్చలు మచ్చలుగా ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి.

కానిస్టేబుల్ చెయ్యి ఎప్పుడు విడిపించుకుందో, డాక్టరమ్మ అప్పటికే ఆవిడ పక్కన మోకాళ్ల మీద ఉంది. మణికట్టు పట్టుకుంది, వదిలేసి మెడ దగ్గర వేళ్లు పెట్టింది. "సిస్టర్! సెలైన్, బీపీ మెషిన్, స్ట్రెచర్!" అని అరిచింది. అరెస్టయిన మనిషి మాట వినాలా వద్దా అని ఎవరూ ఆలోచించలేదు. సిస్టర్ పరుగెత్తింది.

"అమ్మా, నన్ను చూడండి. నిన్న ఆసుపత్రికి ఎందుకొచ్చారు?"

పెదాలు కదిలాయి. ముక్కుసూటి వంగి చెవి పెట్టింది.

"జ్వరం... నాకు. నడుము నొప్పి, మంట... నాలుగు రోజులు. అన్నయ్యే బలవంతంగా తీసుకొచ్చాడు." ఊపిరి తీసుకుంది. "చీటీ రాయిస్తూ పడిపోయాడు. నా సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు అన్నయ్యని చూడండి అన్నాను."

నిన్న సాయంత్రం ఈ ఆసుపత్రికి పేషెంటుగా వచ్చింది ఈవిడ. తోడుగా వచ్చినవాడు పన్ను నొప్పికి వారం రోజులుగా మాత్రలు మింగి, లోపల విషం నింపుకుని, కౌంటర్ దగ్గర కూలిపోయాడు. అందరూ ఆయన చుట్టూ చేరారు. పేషెంటుకి కుర్చీ వేసి శాలువా కప్పారు.

సిస్టర్ ట్రేతో వచ్చింది. డాక్టరమ్మ సూది తనే గుచ్చింది, రక్తం తనే తీసింది. ట్యూబును పిడికిట్లో పట్టుకుని, ఆవిడ ముఖాన్ని చూస్తూ, నేల మీదే కూర్చుని పేరు రాసి అంటించింది.

"మళ్లీ ముప్పావుగంట ఆగాలా రిపోర్టుకి?" అడిగింది ముక్కుసూటి.

"అక్కర్లేదు. సీసాలో పెరిగింది ఈమె క్రిమే. అదేంటో ల్యాబు మధ్యాహ్నమే చెప్పింది. నిన్న ఆయనకి నేను ఎక్కించిన మందుకి అది సగమే లొంగుతుంది. దీనికి వేరే మందు కావాలి, ఫ్రిజ్‌లో ఉంది." ఆమె సిస్టర్ వైపు తిరిగి మందు పేరు చెప్పింది, మళ్లీ చెప్పమంది, సిస్టర్ తిరిగి చెప్పాకే పంపించింది.

ఆ గదిలో సెలైన్ తగిలించడానికి స్టాండు లేదు, మేకు కూడా లేదు. ఇన్‌స్పెక్టర్ ఎవరూ అడక్కుండానే సీసా అందుకుని, చెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. జీపు హారన్ బయట రెండుసార్లు మోగింది. ఆయన విననట్టే ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే తాళం వేశాను మరదలా" అన్నాడు.

"వేస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను బావగారూ" అంది ముక్కుసూటి. ఇరవయ్యేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడడం ఇదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ సంతోషం కలిగించలేదు.

"డాక్టర్ గారూ, ఆవిడ బతుకుతుందా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు. పొద్దున్నుంచీ ఆయన ఆ పిల్లను గారూ అనడం ఇదే తొలిసారి.

డాక్టరమ్మ తల ఎత్తలేదు. బీపీ మెషిను పట్టీ ఆవిడ చేతి చుట్టూ బిగుసుకుని, వదులై, మళ్లీ బిగుసుకుంటోంది.

"నిన్న అడిగి ఉంటే చెప్పగలిగేదాన్ని" అంది. "ఇప్పుడు చెప్పలేను."

మెషిను కూతపెట్టి ఆగింది. అంకె రావాల్సిన చోట రెండు గీతలే ఉన్నాయి, బీపీ అందలేదు. డాక్టరమ్మ మళ్లీ నొక్కింది.